ఎల్లోస్టోన్‌లో ఒక్కదాన్నే: వేడి బుగ్గలు, వాటిని నమ్ముకున్న జీవాలు

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు దాదాపు 320 మైళ్ళు, ఎక్కడా ఆగకపోతే ఐదు గంటల డ్రైవ్, ఐ-15 మీద ఐడహో ఫాల్స్ దాకా పోయి అక్కడ యూఎస్-20 ఎక్కామంటే నేరుగా ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ గేటు ముందే తేలతాం. ఇదే రోడ్డు మీద ఇంతకుముందు ఫ్రెండ్స్‌తో వెళ్ళా, కార్ల నిండా జనం, అందరూ లేచి రెడీ అయ్యేసరికే ఎండ నడినెత్తికి, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ (నేలలోంచి వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ) దగ్గర గ్రూప్ ఫొటో, గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడి బుగ్గ దగ్గర ఇంకో గ్రూప్ ఫొటో, బైసన్ (అమెరికా అడవిదున్న) కనిపిస్తే కార్లోంచే వీడియో. సరదాగానే గడిచింది, కాదనను. కానీ ఒక్క చోట కదలకుండా గంటసేపు నిలబడి చూడాలనే కోరిక అలాగే మిగిలిపోయింది, అందుకే ఈసారి జూన్ మొదట్లో ఒక్కదాన్నే కారు తీసా.

ఎల్లోస్టోన్ గురించి ఏ ట్రావెల్ సైట్ తెరిచినా రెండు లిస్టులు ఉంటాయి, చూడాల్సిన గీజర్లు ఒకటి, చూడాల్సిన జంతువులు ఒకటి. పొద్దున్నే జంతువులు, మధ్యాహ్నం వేడి బుగ్గలు, అలా ప్లాన్ చేసుకోమంటారు. ఒంటరిగా నెమ్మదిగా తిరిగితే ఆ రెండు లిస్టులూ నిలవవు. ఆ భూమిలో వేడి ఉండబట్టే ఫలానా జంతువు ఫలానా చోట బతుకుతోంది, కొన్నిసార్లు ఆ వేడి వల్లే చచ్చిపోతోంది కూడా. ఈ పోస్ట్ అంతా దాని గురించే.

అది పార్క్‌లోకి అడుగుపెట్టక ముందే మొదలైంది. ఐడహోలో ఐలాండ్ పార్క్ దగ్గర హైవే వదిలి కొంచెం లోపలికి పోతే బిగ్ స్ప్రింగ్స్ అని ఉంది, రోజుకి 12 కోట్ల గ్యాలన్ల నీళ్ళు నేలలోంచి ఉబికి అక్కడికక్కడే నది అయిపోతాయి. ఏడాది పొడుగునా ఒకటే ఉష్ణోగ్రత, 11 డిగ్రీల సెంటిగ్రేడ్. ఇది వేడి బుగ్గ కాదు, చెయ్యి పెడితే జిల్లుమంటుంది, కానీ చుట్టుపక్కల అంతా మైనస్‌లో గడ్డకట్టే జనవరిలో కూడా ఇది పారుతూనే ఉంటుంది కాబట్టి చలికాలంలో ట్రంపెటర్ హంసలు ఇక్కడి హెన్రీస్ ఫోర్క్ నదికి వచ్చి చేరతాయి. నేను వెళ్ళిన టైంకి హంసలు లేవు, వంతెన మీంచి చూస్తే కింద అద్దంలాంటి నీళ్ళల్లో ఇంతింత లావు ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి, అక్కడ చేపలు పట్టనివ్వరు కాబట్టి మనుషుల్ని చూసి అస్సలు బెదరట్లేదు.

పార్క్ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1872 మార్చి 1న ప్రెసిడెంట్ గ్రాంట్ సంతకంతో ఏర్పడింది, ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్క్ అని చెప్పుకునేది ఇదే. సుమారు 22 లక్షల ఎకరాలు, ఎక్కువ భాగం వయోమింగ్‌లో, కొంచెం మోంటానాలో, ఇంకాస్త ఐడహోలో. 10,000కి పైగా వేడి బుగ్గలు, బురద గుంటలు, ఆవిరి కన్నాలు, గీజర్లు ఉన్నాయి, ప్రపంచంలో పనిచేస్తున్న గీజర్లలో దాదాపు సగం ఇక్కడే. దీనంతటికీ కారణం కింద ఉన్న అగ్నిపర్వతం, దాదాపు 6 లక్షల 40 వేల ఏళ్ళ క్రితం అది పేలి పైకప్పు కూలిపోతే 45 మైళ్ళ పొడవు, 30 మైళ్ళ వెడల్పు గుంట ఏర్పడింది, మనం కార్లో తిరిగే రోడ్లలో చాలా భాగం ఆ గుంటలోనే. పైన కురిసిన మంచు, వాన నీళ్ళు పగుళ్ళ గుండా కిందికి దిగి, మాగ్మా వేడికి కాగి, దార్లో రాయిలోని సిలికాని కరిగించుకుని మళ్ళీ పైకి వస్తాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఉన్న చోటు 7,300 అడుగుల పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి.

వెస్ట్ గేటు నుంచి మ్యాడిసన్, అక్కడ కుడికి తిరిగితే ఫైర్‌హోల్ నది పక్కనే రోడ్డు. కారు అద్దం దించితే కుళ్ళిన గుడ్ల వాసన, హైడ్రోజన్ సల్ఫైడ్, కాసేపటికి ముక్కు అలవాటుపడిపోతుంది. నది ఒడ్డున అక్కడక్కడా పొగలు. మిడ్‌వే బేసిన్‌లో ఎక్సెల్సియర్ అనే పాత గీజర్ గుంట ఒక్కటే నిమిషానికి 4,000 గ్యాలన్ల వేడినీళ్ళు ఈ నదిలో పోస్తుంది, మెట్ల దగ్గర నిలబడితే ఆ నీళ్ళు ఒడ్డు మీద నుంచి పొగలు కక్కుతూ జారడం ఎదురుగానే కనిపిస్తుంది. ఇలా ఎన్నో బుగ్గల నీళ్ళు కలిసి కలిసి నదే వెచ్చగా అయిపోతుంది, వేసవిలో మరీ వేడెక్కితే ట్రౌట్‌లు చల్లటి పిల్ల కాలవల్లోకి వెళ్ళిపోతాయి.

గ్రాండ్ ప్రిస్మాటిక్‌ని కింద చెక్క బాట మీద నుంచి కాకుండా ఫెయిరీ ఫాల్స్ ట్రైల్ పక్కనున్న కొండ మీద నుంచి చూడండి, కింద నుంచి ఆవిరి తప్ప ఏమీ సరిగ్గా కనపడదు. కానీ ఈ ట్రైల్ మార్చి 10 నుంచి మే చివరి దాకా మూసేస్తారు, ఎందుకో తెలుసా, ఎలుగుబంట్ల కోసం. చలికాలంలో వేడి నేల మీద మంచు తక్కువ ఉంటుందని బైసన్లు, పెద్ద దుప్పుల్లాంటి ఎల్క్‌లు ఈ ఫైర్‌హోల్ లోయకి చేరతాయి, వాటిలో బలహీనమైనవి చలికాలం చివర్లో ఇక్కడే పడిపోతాయి. నిద్ర లేచి ఆకలితో వచ్చిన గ్రిజ్లీ ఎలుగులకి ఆ కళేబరాలే మొదటి భోజనం. వాటి తిండి దగ్గర మనుషులు అడ్డం ఉండకూడదని అంత పేరున్న ట్రైల్‌ని రెండు నెలలకి పైగా మూసేయడం నాకు భలే నచ్చింది.

పైనుంచి చూస్తే మధ్యలో నీలం, అంచుల్లో పసుపు, నారింజ, ఇటుక రంగు, గోధుమ. నీలం నీళ్ళదే, అక్కడ వేడికి దాదాపు ఏదీ పెరగదు. మిగతా రంగులన్నీ ప్రాణాలు. సుమారు 74 డిగ్రీల దగ్గర బతకగలిగే సూక్ష్మజీవులు పసుపు, 65 దగ్గర నారింజ, 55కి దిగితే ఎరుపు గోధుమ. అంటే కింద బోర్డు అక్కర్లేదు, రంగు చూసి నీళ్ళ వేడి చెప్పేయొచ్చు. ఎండ ఎక్కువుండే వేసవిలో ఇవి ఎండ దెబ్బ నుంచి కాచుకోవడానికి క్యారట్‌లో ఉండే జాతి రంగులు ఎక్కువ తయారుచేసుకుంటాయి, చలికాలంలో అవి తగ్గి కొంచెం పచ్చగా మారతాయి.

ఇక్కడో మాట చెప్పాలి, మీలో దాదాపు అందరికీ దీనితో సంబంధం ఉంది. ఈ చుట్టుపక్కలే, లోయర్ గీజర్ బేసిన్‌లోని మష్రూమ్ పూల్ అనే బుగ్గలో, 1966లో థామస్ బ్రాక్ అనే సైంటిస్టు, ఆయన స్టూడెంట్ హడ్సన్ ఫ్రీజ్ కలిసి థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాని సేకరించారు. అంత వేడిలో బతికేదాని ఎంజైమ్ కూడా వేడికి చెడిపోదు కదా, ఆ ఎంజైమ్‌తోనే తర్వాత పీసీఆర్ (డీఎన్ఏని లెక్కలేనన్ని కాపీలు తీసే) పద్ధతి అందరికీ అందుబాటులోకి వచ్చింది, పీసీఆర్ కనిపెట్టిన క్యారీ ముల్లిస్‌కి 1993లో నోబెల్ ఇచ్చారు. 2020, 2021లో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఆర్టీపీసీఆర్ రిజల్ట్ కోసం రాత్రంతా ఫోన్ చూసుకున్న రోజులు గుర్తున్నాయా, ఆ టెస్టు వెనకాల కథలో ఈ లోయలో పొగలు కక్కే ఒక గుంట ఉంది. నేను ఆ కొండ మీద నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే నిజంగా ఒళ్ళు జలదరించింది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే, 106 నుంచి 184 అడుగుల ఎత్తు దాకా చిమ్ముతుంది, ఎంతసేపు చిమ్మిందో దాన్నిబట్టి తర్వాతది ఎప్పుడో పది నిమిషాలు అటూ ఇటూగా చెప్పేస్తారు. జనం బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తారు. మీరు మాత్రం ఆ గ్యాప్‌లో నది దాటి గీజర్ హిల్ వైపు చెక్క బాట మీద నడవండి, నడిచి ఎక్కడైనా వేడినీళ్ళు పారే సన్నటి కాలవ పక్కన వంగి చూడండి, బాట దిగకుండానే.

నేను అక్కడే చాలాసేపు ఉండిపోయా. కాలవ మధ్యలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి, పక్కన నారింజ రంగు పొర, పాల మీద మీగడ కట్టినట్టు మందంగా, అంచుల్లో ముడతలు పడి. మొదట ఆ పొర మీద మట్టి చల్లినట్టు నల్ల చుక్కలు అనుకున్నా, కాసేపటికి ఆ చుక్కలు నడుస్తున్నాయి! ఎఫిడ్రిడ్ ఈగలు, మన ఇంటి ఈగలో సగం కూడా ఉండవు. ఈ ఈగలకి తిండీ, పడకా, పురిటిల్లూ అన్నీ ఆ పొరే, దాన్నే గీక్కుని తింటాయి, దాని మీదే లేత నారింజ రంగు గుడ్లు పెడతాయి. తిండి నీళ్ళ కింద ఉంటే ఒంటి చుట్టూ గాలి బుడగ పట్టుకుని నీళ్ళల్లోకి దిగి తిని మళ్ళీ పైకి వస్తాయి, బుడగ వెండిలా మెరుస్తుంది, అందుకే కనిపెట్టగలిగా. బెత్తెడు అటు జరిగితే ఆ ఈగ ఉడికిపోతుంది, అది తెలిసినట్టే సరిగ్గా ఆ గీత దగ్గర వెనక్కి తిరుగుతోంది. అంతలో ఒక సన్నకాళ్ళ సాలీడు వచ్చి ఒకదాన్ని పట్టుకుపోయింది, తర్వాత కిల్డీర్ అనే పిట్ట ఒకటి వచ్చి టకటకా నాలుగు ముక్కులు పొడిచి వెళ్ళింది, మన తీతువు పిట్ట కుటుంబమే అది, అదే పరుగు, అదే ఉలికిపాటు. చలికాలంలో ఊరంతా మంచు కప్పేసినా ఈ ఈగలు ఇక్కడ ఉంటాయి, వాటి కోసం ఈ పిట్టల్లో కొన్ని వలస కూడా పోకుండా ఇక్కడే ఉండిపోతాయి. అంత పెద్ద పార్క్‌లో నాకు బాగా నచ్చిన జంతువు ఏదంటే ఈ ఈగే అంటాను.

మ్యాడిసన్ దగ్గర ఒక రేంజరమ్మ టేబుల్ మీద ఎముకలు పెట్టుకుని పిల్లలకి చూపిస్తోంది, నేనూ వెళ్ళి నిలబడ్డా. రెండు ఎల్క్ దవడలు. ఒకటి పార్క్ ఉత్తరం వైపుది, పళ్ళు పొడుగ్గా నున్నగా ఉన్నాయి. రెండోది ఈ ఫైర్‌హోల్, మ్యాడిసన్ వైపుది, పళ్ళు ఎగుడుదిగుడుగా అరిగిపోయి, గుంటలు పడి, గోధుమరంగు మచ్చలు. చెయ్యి పెట్టి చూడమంది. చెప్పకముందే నాకు అర్థమైపోయింది. మాది నల్గొండ జిల్లా, అమ్మమ్మ వాళ్ళది మర్రిగూడ వైపు, ఆ గారపళ్ళు చూస్తూ పెరిగినదాన్ని.

ఫ్లోరైడే. వేడినీళ్ళు రాయిలోంచి సిలికాతో పాటు ఫ్లోరైడ్‌ని కూడా కరిగించుకుని వస్తాయి, మన దగ్గర తాగేనీళ్ళకి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటాం కదా, ఇక్కడి కొన్ని బుగ్గల్లో అది 20 దాటుతుంది. చలికాలంలో వేడి నేల మీద గడ్డి దొరుకుతుందని, మంచు తక్కువని ఎల్క్‌లు ఇక్కడే ఉండి ఆ నీళ్ళే తాగి ఆ నీటి మొక్కలే తింటాయి. ఫ్లోరైడ్ వల్ల పళ్ళు మెత్తబడతాయి, ఆకుల్లో ఉన్న సిలికా వాటిని గరగరా అరగదీస్తుంది, పళ్ళు అరిగిపోతే నమలలేవు, అందుకే ఈ లోయ ఎల్క్‌లు ఉత్తరం వైపు వాటికంటే ముందే ముసలివైపోతాయి. తోడేళ్ళు తిరిగొచ్చాక ఈ మంద బాగా తగ్గిపోయింది. ఇంకో సంగతి, ఎల్లోస్టోన్‌లో ఎక్కువగా ఉండే రాయి రయోలైట్, మన నల్గొండది గ్రానైట్, రసాయనం చూస్తే రెండూ దాదాపు ఒకటే, కరిగిన రాయి భూమి లోపలే నిదానంగా చల్లారితే గ్రానైట్, పైకొచ్చి చల్లారితే రయోలైట్. నల్గొండ పేరు మీద ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది, పటిక, సున్నం వేసి నీళ్ళని తేర్చేది, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసింది, ఆ పేరు రేంజరమ్మకి చెప్తే పుస్తకంలో రాసుకుంది.

ఆ సాయంత్రం పార్క్ ఉత్తర గేటు దగ్గరున్న ఊరు గార్డినర్‌లో సిగ్నల్ దొరికాక అమ్మమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఆమె నడుం వంగిపోయి చాలా ఏళ్ళయింది. మొత్తం విని, "గా దుప్పులకు గూడ మన లెక్కనే పండ్లు ఖరాబైతున్నయా బిడ్డా, మరి వాటికి కృష్ణ నీళ్ళు ఎవ్వరు తెస్తరు" అంది. నేను ఏం మాట్లాడలేకపోయా.

వేడి ఇస్తుంది, తీసుకుంటుంది కూడా. నోరిస్ బేసిన్ దగ్గర 2004 మార్చిలో ఐదు బైసన్లు పడుకున్నవి పడుకున్నట్టే చచ్చిపోయి కనిపించాయి, గాలి ఆడని చల్లటి వాతావరణంలో భూమిలోంచి వచ్చే విషవాయువులు నేల దగ్గరే పేరుకుపోయాయని తేల్చారు. వెచ్చగా ఉందనే అవి అక్కడ పడుకున్నది. నోరిస్‌లోనే 300 అడుగులు దాటి చిమ్మే స్టీమ్‌బోట్ గీజర్ ఉంది, అది ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు, నాకు చిన్న చిన్న తుంపరలే దక్కాయి. మనుషుల సంగతికొస్తే ఈ పార్క్‌లో వేడి బుగ్గల్లో కాలి చనిపోయినవాళ్ళు 20 మందికి పైనే, నేల గట్టిగా కనిపిస్తుంది, కింద పలచటి పెచ్చు, దాని కింద మరిగే నీళ్ళు. చెక్క బాట దిగి సెల్ఫీ తీసుకుంటున్నవాళ్ళని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది, తెలుగువాళ్ళు కనిపిస్తే మొహమాటం లేకుండా "బాట మీదికి ఎక్కండి అన్నా, ఇటు రండి" అని చెప్పేశా.

హేడెన్ వ్యాలీలో బైసన్ల మంద రోడ్డు దాటుతుంటే కార్లన్నీ ఆగిపోయాయి. ఏప్రిల్, మేలో పుట్టిన దూడలు, కాషాయం కలిసిన ఎర్ర రంగు, తల్లుల పొట్ట కింద దూరి నడుస్తున్నాయి. ఒక పెద్ద మగది నా కారు పక్కనుంచే పోయింది, ఊపిరి శబ్దం అద్దం మూసున్నా వినపడింది, భుజం మీద చలికాలపు బొచ్చు పేలికలు పేలికలుగా వేలాడుతోంది. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు కోట్లలో ఉన్న ఈ జంతువుని వేటాడి వేటాడి 1902 నాటికి ఎల్లోస్టోన్‌లో రెండు డజన్లు కూడా మిగల్చలేదు. ఆ మిగిలిన కొద్దీ, బయటి నుంచి తెచ్చి లామార్ వ్యాలీలో పెంచిన కొన్నీ, వాటి సంతానమే ఇప్పుడు వేలల్లో ఉన్నది. ఆ ఆఖరి చలికాలాల్లో వాటిని నిలబెట్టిన చోట్లలో ఈ లోపలి లోయలు, వేడి నేలలు ఉన్నాయి అని తెలిశాక ట్రాఫిక్ ఎంతసేపు ఆగినా విసుగు రాలేదు. గంటకి 35 మైళ్ళు పరిగెత్తగలదు బైసన్, 25 గజాల దూరం ఉండాలని రూల్, ఎలుగులకీ తోడేళ్ళకీ 100 గజాలు.

తోడేళ్ళ కోసం మాత్రం లామార్ వైపు తెల్లవారుజామునే పోవాలి. చీకట్లోనే గార్డినర్ నుంచి బయల్దేరి మామత్ దాటి స్లౌ క్రీక్ దగ్గరికి చేరేసరికి అప్పటికే టెలిస్కోపులు బిగించుకుని కొంతమంది ముసలివాళ్ళు కుర్చీల్లో ఉన్నారు, చేతుల్లో కాఫీ, ఒళ్ళో దుప్పట్లు. ఒంటరిగా వచ్చిన కొత్త మనిషిని అని నన్ను చూసి ఒక పెద్దావిడ తన స్కోప్ ముందు నుంచి లేచి "ఎత్తు సరిచేసుకో, ఎడమవైపు చెట్టు కింద చూడు" అంది. బూడిద రంగుది ఒకటి, నల్లది ఒకటి, వాటి వెనక ఉరుకుతూ పిల్లలు. ఇక్కడ ఆఖరి తోడేళ్ళని 1926లో చంపేశారు, దాదాపు 70 ఏళ్ళు ఒక్కటి కూడా లేదు, 1995, 96ల్లో కెనడా నుంచి 31 తోడేళ్ళని తెచ్చి వదిలారు. ఆ పెద్దావిడ అప్పటి నుంచీ ఏటా వస్తోందట. నేను చూసినంతసేపు చూసి జరగబోతే "ఇంకాసేపు చూడు, నేను చాలా చూశా" అని నన్ను కదలనివ్వలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొచ్చే విషయాలు. లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, ఎన్‌పీఎస్ (నేషనల్ పార్క్ సర్వీస్) యాప్‌లో ఎల్లోస్టోన్‌ని ఆఫ్‌లైన్ సేవ్ చేసుకోండి, గీజర్ టైమింగులు మాత్రం సిగ్నల్ ఉన్నప్పుడే వస్తాయి కాబట్టి విజిటర్ సెంటర్లో బోర్డు చూసుకోండి. పార్క్ లోపలి గ్రాండ్ లూప్ 142 మైళ్ళు, ఎక్కువ చోట్ల 45 స్పీడ్ లిమిట్, బైసన్లు అడ్డమొస్తే అదీ లేదు, మ్యాప్ చెప్పే టైంకి సగం కలుపుకోండి. బిస్కెట్ బేసిన్ వైపు వెళ్ళేముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి, 2024 జులై 23న అక్కడ బ్లాక్ డైమండ్ పూల్ పేలి రాళ్ళు ఎగిరిపడ్డాయి, ఆ తర్వాత మూసేశారు. ఆడపిల్ల ఒక్కతే ఎలా వెళ్ళిందని అడిగేవాళ్ళకి, పగలంతా ఎక్కడికెళ్ళినా జనం ఉంటారు, ట్రైల్ మీదకి ఒంటరిగా పోయేటప్పుడు ఎలుగుల్ని తరిమే బేర్ స్ప్రే బెల్టుకే పెట్టుకున్నా, బ్యాగ్ లోపల పెడితే ఉపయోగం లేదు, చప్పట్లు కొడుతూ గట్టిగా మాట్లాడుకుంటూ నడిచా. చీకటి పడ్డాక మాత్రం డ్రైవింగ్ వీలైనంత తగ్గించుకోండి, నల్లటి బైసన్ నల్లటి రోడ్డు మీద నిలబడితే హెడ్‌లైట్లో కూడా చివరి నిమిషం దాకా కనపడదు. పులిహోర, చపాతీలు, ఆవకాయ ఏం తీసుకెళ్ళినా సరే, తిన్నాక ప్రతి డబ్బా కారు లోపల పెట్టి లాక్ చెయ్యండి, బెంచీ మీద అయిదు నిమిషాలు కూడా వదలొద్దు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుని ఆఖరికి చంపేయాల్సి వస్తుంది.